వద్దన్నకొద్దీ వచ్చిన ప్యాకేజీ

వినికిడి పరీక్షల కేంద్రంలో ఆమెను సొంత పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. అందరికీ ఆమె అడ్డుపుల్ల. ఎవరు ఏ కంప్యూటర్లో ఏది పెట్టుకుంటామని అడిగినా "వద్దు" అనడమే ఆమె ఉద్యోగంలో సగం. తెర మీద చేపలు ఈదే బొమ్మ ఒకరికి కావాలి. బయట ఎండ ఎంతుందో చెప్పేది ఇంకొకరికి కావాలి. కిటికీ తీసి చూస్తే తెలుస్తుందిగా అంటుంది ఆమె. ఆ పేరు పెట్టింది ముందుగదిలో కూర్చుని వచ్చేపోయేవాళ్లకు వేళలు చెప్పే అమ్మాయి. పొద్దున తలుపు తీసింది మొదలు సాయంత్రం తాళం వేసేదాకా ఆ అమ్మాయి నోరు మోగుతూనే ఉంటుంది కాబట్టి అడ్డుపుల్ల ఆమెకు రేడియో అని పేరు పెట్టింది. చెల్లుకు చెల్లు.

అడ్డుపుల్ల చదివింది భౌతికశాస్త్రం. ధ్వని అంటే గాలిలో నడిచే ఒత్తిడి అని పరీక్షల్లో పేజీలకు పేజీలు నింపింది. తీరా దొరికిన ఉద్యోగం ధ్వని ఉన్నచోటే గానీ ధ్వనితో కాదు, కంప్యూటర్లతో. కేంద్రం చిన్నది. ముందుగది, దాని వెనక సన్నటి నడవ, నడవ చివర చెవుల డాక్టరమ్మ గది, దానికి ఆనుకుని పరీక్షగది. పరీక్షగది గోడలకు కోడిగుడ్ల అట్టల్లా ఎగుడుదిగుడుగా ఉండే మందపాటి స్పాంజి. తలుపు మూస్తే మన ఊపిరి మనకే పెద్దగా వినిపిస్తుంది. అక్కడ పిల్లలను తల్లి ఒళ్లోనో తండ్రి ఒళ్లోనో కూర్చోబెట్టి, తలకు హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికి ఒక చెక్కముక్క ఇస్తారు. "కూ" అని వినపడగానే దాన్ని డబ్బాలో పడెయ్యాలి. అద్దానికి ఇవతల కూర్చున్న డాక్టరమ్మ ఆ కూతను మెట్టుమెట్టుగా తగ్గిస్తూ పోతుంది. పిల్ల చేయి ఏ మెట్టు దగ్గర ఆగిపోతుందో అది ఆ చెవికి సరిహద్దు.

ఆ కూత పెట్టేది పరీక్షగది కంప్యూటరు. అందులో నడిచేది కంప్యూటర్లను నడిపించే వ్యవస్థల్లో ఒకటైన లినక్స్. మిగతా గదుల్లో ఉన్నవాటిలోనూ అదే. వాటన్నిటికీ మంచీచెడ్డా చూసేది అడ్డుపుల్ల.

ఆమె కూతురికి నాలుగో ఏడు నడుస్తోంది. మనిషి చిన్నది, ఘాటు ఎక్కువ. అందుకని ఇంట్లో మిరియం అని పిలుస్తారు. పిలవడం వరకే వాళ్ల చేతిలో ఉంది. పలకడం ఆ పిల్ల ఇష్టం. ఒక్కోసారి పక్కగదిలో బిస్కెట్ పొట్లం కాగితం చప్పుడైతే చాలు, పరుగెత్తుకొస్తుంది. ఒక్కోసారి వెనకాలే నిలబడి గొంతు చించుకున్నా తల తిప్పదు, బొమ్మ లారీకి చక్రం బిగించుకుంటూ ఉంటుంది. వినపడక పలకడం లేదా, వినపడీ పలకడం లేదా? అడ్డుపుల్లకు ఈ ప్రశ్న ఎక్కడ మొదలైందో తెలియదు గానీ, అన్నం తింటున్నా బట్టలు ఆరేస్తున్నా అదే. పిల్ల వెనక గిన్నె మీద గరిటెతో కొట్టి చూసేది. తిరిగితే "హమ్మయ్య" అనుకునేది. మళ్లీ పది నిమిషాలకు గరిటె పట్టుకునేది.

"ఏంటమ్మాయ్, గిన్నెలన్నీ సొట్టలు పడుతున్నాయి?" అంది ఒకరోజు అత్తగారు.

"మిరియానికి సరిగ్గా వినపడుతుందో లేదో అని, అత్తయ్యా."

"అదా నీ బెంగ! ఈ ఇంట్లో అడుగుపెట్టిన దగ్గర్నించీ నా మాట నీకు ఏనాడైనా వినపడిందా? మరి నిన్నెవరూ పరీక్షకి తీసుకెళ్లలేదే!"

రంగుల దుకాణంలో గోడల రంగులు కలిపే ఆమె భర్త అప్పుడే చేతులు కడుక్కుని వస్తూ, "అమ్మ చెప్పిందాంట్లో సగం నిజం ఉంది" అన్నాడు.

"సగమేంట్రా?" అంది అత్తగారు.

చివరికి అడ్డుపుల్ల డాక్టరమ్మను అడిగింది. "రోజూ ఇక్కడే తిరుగుతూ ఇన్నాళ్లు మనసులో పెట్టుకున్నావా తల్లీ? రేపే తీసుకురా" అంది ఆవిడ. మర్నాడు మిరియం నాన్న ఒళ్లో కూర్చుని, తలకన్నా పెద్దగా ఉన్న హెడ్‌ఫోన్లు పెట్టుకుని, చెక్కముక్కలు టపటపా పడేసింది. కుడి చెవి, ఎడమ చెవి, అన్నిటికన్నా కింది మెట్టు దాకా. డాక్టరమ్మ అద్దం లోంచి బొటనవేలు పైకెత్తి చూపించింది. రేడియో నడవలోకి వచ్చి, "పిల్లకి పాము చెవులక్కా! ఇక ఇంట్లో గుసగుసలాడుకోవడం కూడా కుదరదు" అంది. భర్త పిల్లను భుజం మీద కూర్చోబెట్టుకుని పనికి ఆలస్యమవుతున్నా నడవలో రెండుసార్లు అటూ ఇటూ తిరిగాడు.

అందరూ సంతోషించారు. అడ్డుపుల్ల కూడా సంతోషిద్దామనే చూసింది. కుదరలేదు. ఇంట్లో గరిటె దెబ్బకు తిరగని పిల్ల ఇక్కడ గాలికన్నా సన్నటి కూతను ఎలా పట్టుకుంది?

మర్నాడు మధ్యాహ్నం పరీక్షగది ఖాళీగా ఉన్నప్పుడు, ఏం చూద్దామనుకుంటోందో తనకే తెలియకుండా లోపలికెళ్లి హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. ఆమెకు తన చెవుల సంగతి తెలుసు. ఉద్యోగంలో చేరిన కొత్తలో డాక్టరమ్మే పరీక్షించింది. బాగా కీచుగా ఉండే స్వరంలో చివరి మెట్టు ఆమెకు వినపడదు. చిన్నప్పుడు చెవిలో చీము పట్టిందని వాళ్లమ్మ చెబుతుంది. కొత్త హెడ్‌ఫోన్లు వచ్చినప్పుడల్లా పెట్టుకుని చూస్తుంది, ఎప్పుడూ వినపడలేదు.

ఇప్పుడు వినపడింది. దోమ పాడినట్టు, స్పష్టంగా.

ఆమె హెడ్‌ఫోన్లు తీసి కొక్కేనికి తగిలించింది. చెవులు వాటంతట అవి బాగుపడవు. అయితే కంప్యూటరు అబద్ధం చెబుతోంది.

లినక్స్‌లో ఏ సరుకైనా ప్యాకేజీలుగా వస్తుంది. పెద్ద గిడ్డంగి ఒకటి ఎక్కడో ఉంటుంది, కావలసిన ప్యాకేజీ పేరు చెబితే అక్కడినుంచి తెచ్చిపెడుతుంది. అయితే దానికి మర్యాద కాస్త ఎక్కువ. ఒకర్ని పిలిస్తే, వారు లేనిదే ఈయన రాలేరు అని ఇద్దర్ని వెంటబెట్టుకొస్తుంది. అంతటితో ఆగక, వీరు కూడా వస్తే బాగుంటుంది కదా అని ఇంకో నలుగుర్ని బండెక్కిస్తుంది. ఏది ఎప్పుడు వచ్చిందో రాసిపెట్టే చోట చూస్తే సంగతి తేలింది. ఈమధ్య తెర తాలూకు సరుకు కొత్తది వచ్చినప్పుడు, దాని వెనకాలే, ఎవరూ పిలవని చుట్టంలా ఒక ప్యాకేజీ దిగింది. దాని పని చిన్న చప్పుళ్లను పెంచి పెద్దవి చేయడం. సినిమాలో గుసగుసలు వినపడనివాళ్లకు అది వరం. కానీ ఏ చప్పుడు దగ్గర పిల్ల చేయి ఆగుతుందో కొలిచే గదిలో అది విషం.

వారం వారం మీటరు పెట్టి కూతను కొలుస్తారు కదా, అప్పుడెందుకు దొరకలేదు? ఆ ప్రశ్నకు జవాబు ఆమెకు చదువుకున్న చదువే చెప్పింది. మీటరుకు అంత సన్నటి చప్పుడు అందదు. అందుకని గట్టి కూత పెట్టి కొలిచి, అది సరిగ్గా ఉంటే కిందివీ సరిగ్గా ఉన్నట్టే అనుకుంటారు. ఈ చుట్టం గట్టి కూతల జోలికి పోదు. చిన్నవాటినే చెయ్యిపట్టి పైకి లేపుతుంది.

ఆమె నేరుగా డాక్టరమ్మ దగ్గరకు వెళ్లి చెప్పింది. డాక్టరమ్మ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"అంటే మొన్నటినించీ నేను చూసిన పిల్లలంతా..."

"అందర్నీ మళ్లీ చూడాలి మేడమ్."

"మీ పాపని కూడా."

ఆ మాట ఆమె తనకు తాను ఇంకా చెప్పుకోలేదు. డాక్టరమ్మ నోట విన్నాక గాని అది నిజం కాలేదు. "మా పాపని కూడా" అంది.

"సరే. నువ్వు ఫరవాలేదనేదాకా ఆ గది తెరవను. కానీ తొందరగా చెయ్యమ్మా. ఒక్కో పిల్లకి మాటలొచ్చే వయసు దాటిపోతుంటుంది. నేను ఆగమంటే వయసు ఆగదు కదా."

చుట్టాన్ని గెంటెయ్యడం అర నిమిషం పని. గెంటేసింది. ముందుజాగ్రత్తగా మిగతా కంప్యూటర్లూ చూసింది. వాటిలోనూ ఉంది. డాక్టరమ్మ గదిలో తీసేసింది. ముందుగదికి వచ్చేసరికి రేడియో రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"అక్కా, అక్కా! నా పాటలు ఇప్పుడే కదా బాగా వినపడుతున్నాయి! ఇన్నాళ్లూ తలగడ కింద పెట్టినట్టుండేది. దీంతో ఎవరి చెవులకి నష్టం? ఒక్కసారన్నా పుల్ల అడ్డం పెట్టకుండా ఉండకూడదా?"

నిజమే, ముందుగదిలో ఎవరి వినికిడీ కొలవరు. అడ్డుపుల్లకు తనమీద తనకే కాస్త జాలేసింది. ఎప్పుడూ వద్దనే మనిషి ఒక్కసారి సరే అంటే ఎలా ఉంటుందో చూద్దామనిపించింది. "సరే, ఉంచుకో" అంది. రేడియో కుర్చీలోంచి లేచి ఆమె బుగ్గలు పుణికింది.

మర్నాడు పొద్దున పరీక్షగది కంప్యూటరు ఆన్ చేసి చూస్తే చుట్టం మళ్లీ వచ్చి కూర్చుంది.

ఇందులో వింతేమీ లేదనుకుంది ఆమె. గెంటెయ్యడం వేరు, మళ్లీ రానివ్వకపోవడం వేరు. గిడ్డంగిలో వాడి పేరు ఉన్నంతకాలం ఎవరో ఒకరు వెంటబెట్టుకొస్తారు. కాబట్టి గుమ్మానికి చీటీ అంటించాలి. లినక్స్‌లో అలాంటి చీటీ మూడే వరుసలు. ప్యాకేజీ పేరు. ఎక్కడినుంచి వచ్చినా సరే అని ఒక మాట. ప్రాధాన్యం మైనస్ ఒకటి అని ఇంకో మాట. సున్నాకన్నా తక్కువ ప్రాధాన్యం ఉన్నదాన్ని లినక్స్ గడప తొక్కనివ్వదు, ఎంతమంది సిఫారసు చేసినా సరే. చీటీ రాసి, పెట్టాల్సిన చోట పెట్టి, చుట్టాన్ని మళ్లీ గెంటింది. ఈసారి ఆ ప్యాకేజీని రమ్మని తనే పిలిచి చూసింది. అలాంటిదేదీ దొరకదు పొమ్మంది కంప్యూటరు. ఆమె చేతులు దులుపుకుంది.

మర్నాడు చుట్టం ఉంది. చీటీ లేదు.

ఇది మాత్రం వింతే. ప్యాకేజీ తనంతట తాను వచ్చిందంటే నమ్మొచ్చు. చీటీ తనంతట తాను ఎలా పోతుంది? ఎవరో తీసెయ్యాలి. ఎవరు? ఆమె ముందుగదికి వెళ్లింది.

"రాత్రి నువ్వేమన్నా పరీక్షగదిలోకి వెళ్లావా?"

"నేనా? ఎందుకు?"

"కంప్యూటర్లో నేను పెట్టిన చీటీ ఒకటి కనపడట్లేదు."

"అక్కా, నాకు మౌసుకి ఎడమపక్క నొక్కడానికీ కుడిపక్క నొక్కడానికీ తేడా తెలిసేసరికి ఆరునెలలు పట్టింది. నీ చీటీలు చింపేంత చదువు నాకుంటే ఇక్కడ కూర్చుని 'తర్వాత ఎవరండీ' అని అరుస్తానా?"

అదీ నిజమే. ఆమె చీటీ మళ్లీ పెట్టింది. పాస్‌వర్డ్ మార్చింది. ఆ సాయంత్రం పరీక్షగదికి తాళం వేసి తాళంచెవి సంచిలో వేసుకుంది. మర్నాడు తాళం వేసినట్టే ఉంది, చుట్టం వచ్చినట్టే ఉంది, చీటీ పోయినట్టే పోయింది. చీటీ తీసింది ఎవరని కంప్యూటరును అడిగితే, యజమాని అని చెప్పింది. ఆ కంప్యూటరుకు యజమాని అడ్డుపుల్లే. ఆ పాస్‌వర్డ్ లోకంలో ఇంకెవరికీ తెలియదు.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ ఇల్లూ తనదే, దొంగా తనేనని సాక్ష్యం చెబుతోంది యంత్రం. నిద్రలో లేచి వచ్చి చేస్తున్నానా అని కూడా ఒక క్షణం అనుకుంది. అనుకుని నవ్వుకుంది. నవ్వు పూర్తిగా రాలేదు. పిల్ల పుట్టాక చాలా సంగతులు మరిచిపోతోంది. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయింది, భర్త ఫోనును బట్టలతోపాటు నానబెట్టింది. ఇదీ అలాంటిదేనా?

ఇంతకన్నా ఎవరికీ చెప్పుకోలేని ముడి ఇంకొకటుంది. రోజూ పొద్దున చుట్టం కనపడగానే ఒళ్లు మండేది, నిజమే. కానీ ఆ మంట అడుగున, తడిగుడ్డ పరిచినట్టు, కాస్త చల్లగా కూడా ఉండేది. ఇది ఉన్నంతవరకు మిరియానికి మళ్లీ పరీక్ష లేదు. పరీక్ష లేనంతవరకు ఆ బొటనవేలు చూపించిన రోజే చివరి మాట. తను అడ్డం పెడుతున్నది దేనికి? ఒకవేళ నిజంగానే తనే తీసేస్తోందా, మనసులో వద్దనుకుని?

ఆ రోజు సాయంత్రం ఇంట్లో భర్త అడిగాడు.

"ఏంటే, రెండోసారి పరీక్ష ఎప్పుడంట?"

"ఇంకా కంప్యూటరు బాగవలేదండీ."

"నువ్వు బాగుచేసేదేగా?"

"చేస్తున్నా. మళ్లీ పాడవుతోంది."

అతను మిరియం జుట్టుకు అంటిన లేతనీలం రంగును చమురుగుడ్డతో తుడుస్తున్నాడు. నాన్న చొక్కా పట్టుకు వేలాడితే అంతే మరి. "మా దుకాణానికి గోడ పెచ్చు పట్టుకొస్తారు, ఇదే రంగు కావాలని. బల్బు వెలుతురులో కలిపితే సరిగ్గా సరిపోతుంది. వాళ్లూ సంతోషం, నేనూ సంతోషం. మర్నాడు ఎండలో చూసుకుని తిట్టడానికి వస్తారు. అందుకని ఇప్పుడు నేనే బయటికి తీసుకెళ్లి చూపిస్తున్నా. ముందే తిట్టించుకుంటే సుఖం కదా" అన్నాడు.

"నన్ను భయపెడుతున్నారా, ధైర్యం చెబుతున్నారా?"

"నాకూ తెలీదు" అన్నాడు అతను. "నాకూ భయమేనే."

అతనికీ భయమేనని ఆమెకు అప్పటిదాకా తోచలేదు. మర్నాడు ఆమె అందరికన్నా ముందు కేంద్రానికి వెళ్లింది.

ముందురోజు చీటీ పెట్టి, చుట్టాన్ని గెంటి, కంప్యూటరు ఆపి వెళ్లింది. ఇప్పుడు ఆన్ చేసి, చీటీ ఉన్న చోటును తెర మీద తెరిచి, రెప్ప వెయ్యకుండా కూర్చుంది. చీటీ ఉంది. వీధిలో పాలవ్యాను హారన్ వినిపించింది. చీటీ ఉంది. ఎవరో మెట్లెక్కి, తప్పు అంతస్తని తెలుసుకుని దిగిపోయారు. చీటీ లేదు.

గదిలో ఆమె తప్ప ఎవరూ లేరు. ఆమె చేతులు ఒళ్లో ఉన్నాయి.

ఆ క్షణంలో కంప్యూటరు ఏ పని చేసిందో వెతికింది. పొద్దున లేవగానే చేయాల్సిన పనుల్లో ఒకటి నడిచింది. తెరిచి చూస్తే, పై వరుసలో ఆ పని ఎందుకో రాసి ఉంది. "నేను లేనప్పుడు కూడా అన్నీ ముందుగదిదానిలాగే ఉండాలి." రాసింది తనే. ఏడో నెలలో, పొట్ట బల్ల అంచుకు తగులుతుంటే కుర్చీ వెనక్కి జరుపుకుని, చేతులు చాపి రాసింది. తను సెలవులో ఉన్నన్నాళ్లూ ఎవరూ ఏదీ చెడగొట్టకూడదని, ఒక తెలివైన ఏర్పాటు చేసింది. సాయంత్రం ఆపకుండా ఉంచేది ముందుగది కంప్యూటరు ఒక్కటే కాబట్టి దాన్ని పెద్దదిక్కుగా పెట్టింది. మిగతావి పొద్దున లేవగానే దానివైపు చూస్తాయి. పరీక్షకు కావలసినవి తప్ప, అక్కడ లేనిది తమ దగ్గర ఉంటే తీసేస్తాయి. అక్కడ ఉన్నది తమ దగ్గర లేకపోతే తెచ్చుకుంటాయి. తర్వాత పిల్ల పుట్టింది, పాలూ జ్వరాలూ టీకాలూ వచ్చాయి. ఆ ఏర్పాటు చెప్పిన పని చెప్పినట్టు చేస్తూ కూర్చుంది కాబట్టి ఎవరికీ గుర్తు రాలేదు. చేసినావిడకు కూడా.

ముందుగదిలో చీటీ లేదు. ముందుగదిలో చుట్టం ఉంది, ఉంచుకోమని తనే అంది కాబట్టి. అందుకని రోజూ పొద్దున పరీక్షగది కంప్యూటరు బుద్ధిమంతురాలిలా చీటీని చింపి, చుట్టాన్ని పిలుచుకొచ్చింది. యజమాని చెప్పినట్టే చేసింది. చంకలో పిల్లనుంచుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. జీవితంలో ఒక్కసారి సరే అంటే, ఆ సరే వెళ్లి వెళ్లి అక్కడే తగలాలా!

రేడియో వచ్చేసరికి అడ్డుపుల్ల ఆమె కుర్చీలో కూర్చుని ఉంది.

"అయ్యో, నా సీటు కూడా పోయిందా?"

"నీ పాటలు పెంచే చుట్టాన్ని తీసేస్తున్నానే. ఏమనుకోకు."

"మళ్లీ పుల్లేనా? నిన్నగాక మొన్న వరమిచ్చావు కదక్కా!"

"వరం నీకిచ్చాననుకున్నా. ఊరందరికీ ఇచ్చాను." ఆమె మూడు వరుసల చీటీ ముందుగది కంప్యూటర్లో రాసింది. చుట్టాన్ని గెంటింది. పిలిచి చూసింది, దొరకదంది. పరీక్షగదిదాన్ని ఆపి మళ్లీ ఆన్ చేసింది. అది లేచి, ముందుగదివైపు చూసి, చీటీని తనూ తెచ్చుకుంది. చుట్టాన్ని తనూ వదిలేసింది. డాక్టరమ్మ గదిలోదీ అంతే. ఇంత సులువైన సంగతికి అన్ని రోజులు పట్టిందంటే తనకు కోపం రావాలి. ఎందుకో రాలేదు. నమ్మకం కూడా రాలేదు. మర్నాటిదాకా ఆగింది. మర్నాడు చీటీ ఉంది, చుట్టం లేదు.

తలుపు మూసి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కీచుస్వరంలో చివరి మెట్టు నొక్కింది. ఏమీ వినపడలేదు. మళ్లీ నొక్కింది. తన ఊపిరి తప్ప ఏమీ లేదు. తనకు వినపడటం లేదని అంతగా సంతోషించిన మనిషి ఆ కేంద్రంలో అంతకుముందు ఎవరూ లేరేమో. బయటికొచ్చి డాక్టరమ్మతో, "ఇక తెరవొచ్చు మేడమ్" అంది. అన్నాక, గోడకు ఆనుకుని నిలబడింది.

"ముందు ఎవర్ని పిలవను?" అని అడిగింది రేడియో, ఫోను చేతిలో పట్టుకుని. ఆ రోజుల్లో పరీక్ష జరిగిన పిల్లలందరి ఇళ్లకూ ఆ అమ్మాయే ఫోన్లు చేయాలి. "కంప్యూటరు పొరపాటండీ, పిల్లదేం లేదండీ, ఒక్కసారి మళ్లీ తీసుకురండి" అని ఎలా అనాలో పొద్దున్నుంచి గొంతు మార్చి మార్చి సాధన చేస్తోంది.

"మిరియాన్ని" అంది డాక్టరమ్మ.

"నాదాన్ని చివర్లో..." అని మొదలుపెట్టింది అడ్డుపుల్ల.

"నీ పిల్లని చూస్తే గాని నువ్వు ఇంకో పిల్ల సంగతి పట్టించుకునేలా లేవు. మధ్యాహ్నం తీసుకురా."

మధ్యాహ్నం మిరియం మళ్లీ నాన్న ఒళ్లో కూర్చుంది. ఆట తెలిసిందే కాబట్టి చెక్కముక్కను ముందే చెంపకు ఆనించి పట్టుకుంది. అడ్డుపుల్ల అద్దానికి ఇవతల, డాక్టరమ్మ కుర్చీ వెనక నిలబడింది. మొదట కుడి చెవి. టప్. టప్. టప్. కూత తగ్గుతూ పోయింది, చెక్కముక్కలు పడుతూనే ఉన్నాయి. చివరి మెట్టు దగ్గర కాస్త ఆగి, నాన్న మొహంలోకి చూసి, అప్పుడు పడేసింది. డాక్టరమ్మ ఎడమ చెవికి మార్చింది.

టప్. టప్. తర్వాత మిరియం చెక్కముక్కను చెంపకు ఆనించుకునే కూర్చుంది. కూత వస్తోందని తెర మీద చిన్న దీపం వెలుగుతోంది, ఆరుతోంది. పిల్ల ఎదురుచూస్తోంది. ఆట ఆగిపోయిందేమిటని కాళ్లు ఊపింది. దీపం వెలిగింది, ఆరింది. డాక్టరమ్మ ఒక మెట్టు పెంచింది. ఇంకో మెట్టు పెంచింది. టప్.

కంప్యూటర్లో ఇంకేదో చేరి ఉంటుంది. అదీ అడ్డుపుల్లకు ముందుగా వచ్చిన ఆలోచన. చుట్టం లేదు గాని దాని తమ్ముడెవరో వచ్చి ఉంటాడు, ఈసారి ఒకవైపు చప్పుడు తగ్గించేవాడు. డాక్టరమ్మ ఆమె మొహం చూడకుండానే, హెడ్‌ఫోన్లు తిరగేసి పెట్టమని మైకులో చెప్పింది. కుడివైపుది ఎడమకు, ఎడమవైపుది కుడికి. మళ్లీ మొదలుపెట్టింది. ఎడమ చెవి అదే మెట్టు దగ్గర ఆగింది. కంప్యూటరులో తప్పేమీ లేదు.

"ఎడమ చెవి కొంచెం వెనకబడిందమ్మా" అంది డాక్టరమ్మ. "కుడిది బంగారంలా ఉంది. అందుకే ఒక్కోసారి పలుకుతుంది, ఒక్కోసారి పలకదు. మీరు ఎటుపక్కనుంచి పిలిచారన్నదాన్ని బట్టి. లోపల నీరు చేరి అలా ఉందో, ఇంకేదన్నా ఉందో చూస్తాను. భయపడేది కాదు. వదిలేసేది కూడా కాదు. మంచి వయసులో పట్టుకున్నాం."

అడ్డుపుల్లకు ఏడవాలో, ఊపిరి పీల్చుకోవాలో తెలియలేదు. ఇన్నాళ్లూ వినపడుతుందా లేదా అనే రెండు జవాబుల మధ్యే తిరిగింది. రెండూ ఒకేసారి నిజమవుతాయని ఆమె లెక్కలో లేదు. గిన్నె మీద గరిటె ఎటు నిలబడి కొట్టిందో గుర్తు తెచ్చుకోబోయింది. గుర్తు రాలేదు. భర్త బయటికొచ్చి, "ఏమంట?" అన్నాడు. ఆమె చెప్పింది. అతను పిల్ల ఎడమ చెవిని బొటనవేలితో ఒకసారి నిమిరాడు. మిరియం చిరాకుపడి తల విదిలించింది.

ముందుగదిలో రేడియో ఫోనులో మాట్లాడుతోంది. "కంప్యూటరు పొరపాటండీ... అవునండీ, బాగానే ఉందని చెప్పాం... లేదండీ, మీరు ఎంత కోప్పడ్డా ఫరవాలేదండీ, రేపు తీసుకురండి." ఫోను పెట్టేసి వాళ్ల వైపు చూసింది. ఏదో అడగబోయి, ఆ ఒక్కసారికి అడగకుండా, బల్ల సొరుగులోంచి ఒక బిస్కెట్ తీసి మిరియం చేతిలో పెట్టింది.

ముగ్గురూ రోడ్డెక్కారు. సాయంత్రం రద్దీ మొదలైంది. బస్సులు, సైకిళ్లు, పండ్ల బండి పక్కన బేరాలు. అడ్డుపుల్ల పిల్లతో ఏదో అనబోయి, ఆగి, గబగబా పిల్ల కుడిపక్కకు వెళ్లింది. అదే క్షణంలో భర్త కూడా అటే వచ్చాడు. ఇద్దరి భుజాలూ గుద్దుకున్నాయి.

"నేను ఇటు ఉంటా" అన్నాడతను.

"నేను దానితో మాట్లాడాలండీ."

"నేను మాత్రం మూగవాణ్ణా? నేనూ మాట్లాడాలి."

"ఇద్దరం ఇటే ఉంటే అటు ఎవరుంటారు?"

అటు రోడ్డు ఉంది. బస్సులు అటే పోతున్నాయి. వినపడని చెవి అటే ఉంది. వినపడే పక్క నిలబడి మాట్లాడాలా, వినపడని పక్క నిలబడి కాపలా కాయాలా? ఆమె ఎడమకు వెళ్లింది. రెండడుగులు వేసి, మాట అందదని మళ్లీ కుడికి వచ్చింది. ఈలోగా భర్త ఎడమకు వెళ్లి, ఆమెను చూసి మళ్లీ ఇటు రాబోయాడు. మధ్యలో మిరియం బిస్కెట్ కొరుకుతూ, తన చుట్టూ ఏదో కొత్త ఆట నడుస్తోందనుకుని, చేతిలో మిగిలిన ముక్కను పైకెత్తి పట్టుకుని, పడెయ్యమని ఎవరంటారా అని ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది.